మాట్లాడేది ఒక్కరు, నిలబెట్టేది నలుగురు



అబుధాబిలోని ముసఫ్ఫా తెల్లవారకముందే లేస్తుంది. సనయ్యా, అంటే పారిశ్రామికవాడ, రోడ్ల మీద కంపెనీ బస్సులు వరస కడతాయి. చేతిలో టిఫిన్ డబ్బా, భుజాన సేఫ్టీ జాకెట్, కళ్లలో ఇంకా తీరని నిద్ర. బస్సు దిగగానే పని మొదలుకాదు. ముందు అందరూ ఒకచోట గుమిగూడతారు. ఫోర్‌మన్ గానీ, సేఫ్టీ ఆఫీసర్ గానీ ముందుకొచ్చి ఐదు పది నిమిషాలు మాట్లాడతారు. ఇవాళ ఏం పని, ప్రమాదం ఎక్కడుంది, ఎవరు ఏ జాగ్రత్త తీసుకోవాలి. దాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటాం.

అది కూడా ప్రసంగమేనండీ. అక్కడ వేదిక ఉండదు, దండలుండవు, చాలాచోట్ల మైకూ ఉండదు. కానీ వినేవాళ్ల ప్రాణం ఆ మాట మీద ఉంటుంది. వేసవిలో అయితే మరీను. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు, ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. ఆ సంగతి బోర్డు మీద రాసి ఉంటుంది. బోర్డు చదవలేనివాడికి ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. అది అతని చెవిన పడాలి. పడింది గుర్తుండాలి.

టూల్‌బాక్స్ టాక్ ఒక్కటే కాదు. సెలవు రోజు సాయంత్రం కార్మికుల క్యాంపు మెస్ హాల్లో ఇన్సూరెన్స్ గురించి ఎవరో చెబుతారు. షాబియా నివాసాల్లో ఉగాదికి నాలుగు కుటుంబాలు చేరితే ఒకరు లేచి మాట్లాడతారు. ఇంటికి వెళ్లిపోతున్న తోటి కార్మికుడికి వీడ్కోలు చెబుతూ ఇంకొకరు మాట్లాడతారు. వీళ్లెవరూ వక్తలు కారు. షట్టరింగ్ కార్పెంటర్లు, వెల్డర్లు, డ్రైవర్లు, స్టోర్ కీపర్లు. నలుగురిలో నిలబడితే కాళ్లు వణికేవాళ్లు. అయినా నోరు విప్పుతున్నారు. వాళ్ల కోసమే ఇవాళ్టి నా మాటలు. వాళ్లకంటే ఎక్కువగా, వాళ్ల పక్కనుండే మీ కోసం.

నేను చెప్పదలుచుకున్నది ఒకే సంగతి. మంచి ప్రసంగం ఒక్క మనిషి చేతిలో లేదు. మాట్లాడేది ఒక్కరే అయినా, ఆ మాటను నిలబెట్టేది చుట్టూ ఉన్నవాళ్లు. అందుకని, మీ క్యాంపులో ఎవరు మాట్లాడుతున్నా, ముగ్గురు ముందే తోడు నిలవండి. ఒకరు మైకు దగ్గర. ఒకరు గడియారం దగ్గర. ఒకరు చివరి వరసలో. మళ్లీ చెబుతున్నాను. ఒకరు మైకు దగ్గర, ఒకరు గడియారం దగ్గర, ఒకరు చివరి వరసలో. ఈ మూడు చోట్లూ గుర్తుపెట్టుకుంటే ఇవాళ్టి నా ప్రసంగం మీకు అందినట్టే.

ఇది కొత్త సంగతేం కాదు. మన బుర్రకథ చూడండి. కథకుడు మధ్యలో తంబుర మీటుతూ కథ చెబుతాడు. కానీ ఒక్కడే రాడు. అటు ఒకరు, ఇటు ఒకరు, ఇద్దరు వంతలు ఉంటారు. చేతిలో గుమ్మెటలు ఉంటాయి. కథకుడు ఊపిరి తీసుకునే చోట వాళ్లు అందుకుంటారు. జనానికి అర్థంకాని చోట ఒకరు ప్రశ్న వేస్తారు. జనం అలసిపోయిన చోట ఇంకొకరు నవ్విస్తారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గారు ఆ కళకు దేశమంతటా పేరు తెచ్చారు. అంతటి నాజర్ గారు కూడా వంతలు లేకుండా కథ ఎత్తుకోలేదు. మహా కథకుడికే ఇద్దరు తోడు కావాలి. మరి రేపు మొదటిసారి మైకు పట్టుకోబోతున్న మన తమ్ముడికి అక్కర్లేదా?

మొదటి చోటు, మైకు దగ్గర. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. చాలా సభలు చెడిపోయేది ఇక్కడే.

ఇక్కడి ఒక క్యాంపులో నేను చూసింది చెబుతాను. మెస్ హాలు. పైన రేకు, కింద టైల్స్, గోడకు నాలుగు ఏసీలు. అన్నం తినే బల్లలు పక్కకు జరిపి కుర్చీలు వేశారు. ఎవరిదో చిన్న స్పీకర్ బాక్సు తెచ్చి, మాట్లాడే అతని వెనక, గోడకు ఆనించి పెట్టారు. ఆ అన్న కాగితం తీసి, "అందరికీ నమస్తే" అన్నాడు. అంతే, బాక్సు కుయ్యిమని అరిచింది. అందరూ చెవులు మూసుకున్నారు. అతను బెదిరి మైకును నోటికి దూరంగా పెట్టుకున్నాడు. ఇప్పుడు కూత ఆగింది, మాటా వినపడటం మానేసింది. వెనక నుంచి ఒక గొంతు, "ఇనవడ్తలేదన్నా!" అని. ముందు వరసలో ఉన్న ఫోర్‌మన్ లేచాడు. జగిత్యాల వైపు మనిషి. "జర ఆ బాక్సు ముందటికి జరుపుండ్రి, ఆ రెండు ఏసీలు బంద్ చెయ్యుండ్రి" అన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు బాక్సును ఎత్తి, మాట్లాడే అతనికి ముందు, ఒక పక్కగా, జనం వైపు తిప్పి పెట్టారు. కూత మళ్లీ రాలేదు. ఆ అన్న గొంతు సర్దుకుని మొదటి నుంచి మొదలుపెట్టాడు. పది నిమిషాలు చక్కగా మాట్లాడాడు.

అక్కడ జరిగిన కిటుకు చాలా చిన్నది. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే వెళితే, అది తిరిగి బాక్సులోకి వస్తుంది. అలా తిరిగి తిరిగి కూత పుడుతుంది. అందుకే బాక్సు ఎప్పుడూ మైకుకు ముందుండాలి. దాని ముఖం జనం వైపు ఉండాలి. మైకు వెనక బాక్సు పెట్టకూడదు. మళ్లీ చెబుతున్నాను. బాక్సు ముందు, మైకు వెనక. ఇంకొకటి. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి. తల అటూ ఇటూ తిప్పినప్పుడు మైకు కూడా తలతో పాటు తిరగాలి. ఈ సంగతి మాట్లాడే మనిషికి సభ మొదలయ్యాక చెబితే లాభం లేదు. కుర్చీలు వేస్తున్నప్పుడే అతన్ని నిలబెట్టి, నాలుగు మాటలు మాట్లాడించండి. మైకు పట్టుకోవడం అప్పుడే అలవాటవుతుంది. భయం కూడా సగం పోతుంది.

మైకు దగ్గరుండే మనిషి పని మైకుతో ఆగదు. ఏ ఏసీ ఎక్కువ చప్పుడు చేస్తుందో చూడాలి. వంటగదిలో ఆ కాసేపు గిన్నెలు కడగడం ఆపమని అడగాలి. బయట జనరేటర్ ఉంటే ఆ వైపు తలుపు మూయాలి. మాట్లాడే మనిషి చేతికందే చోట నీళ్ల బాటిల్ పెట్టాలి. మూత ముందే తీసి పెట్టాలి. వణికే చేతులతో మూత తియ్యడం ఎంత కష్టమో ఒక్కసారి నిలబడినవాళ్లకు తెలుసు.

ఆ చోటు మనకు ఇచ్చినవాళ్ల అనుమతి కూడా ఈ మనిషే చూసుకోవాలి. ఇది పరాయి దేశం. నలుగురం చేరే ముందు క్యాంప్ బాస్‌ను గానీ, మేనేజ్‌మెంట్‌ను గానీ అడగాలి. ఎన్ని గంటలకు, ఎంతమంది, ఏ విషయం అని ముందే చెప్పాలి. సభలో చందాలు వసూలు చేయకూడదు. లైసెన్సు లేకుండా విరాళాలు సేకరించడం ఈ దేశంలో నేరం. ఎంత మంచి ఉద్దేశమైనా సరే, సభలో డబ్బా తిప్పకండి. మంచి మాట చెప్పబోయి మన మనిషి చిక్కుల్లో పడకూడదు.

రెండో చోటు, గడియారం దగ్గర.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1924లో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన, మామూలు మనుషులకు మాట్లాడటం నేర్పాలని ఒక క్లబ్బు పెట్టారు. దాని పేరు టోస్ట్‌మాస్టర్స్. ఇవాళ అది ప్రపంచమంతటా ఉంది. అబుధాబిలో, దుబాయిలో కూడా ఉంది. అక్కడ ఒక మంచి ఏర్పాటు చేశారు. ప్రతి సభలోనూ ఒక మనిషి పని కేవలం టైము చూడటం. ఐదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగమైతే, ఐదో నిమిషానికి ఆకుపచ్చ గుర్తు చూపిస్తారు. ఆరో నిమిషానికి పసుపు. ఏడో నిమిషానికి ఎరుపు. మాట్లాడేవాళ్లు గడియారం వైపు చూడక్కర్లేదు. ఆ రంగు చూస్తే చాలు.

మనకు లైట్లు అక్కర్లేదు. మూడు రంగుల అట్టముక్కలు చాలు. ఎదురుగా, మాట్లాడే మనిషికి కనపడే చోట ఒకరు కూర్చోండి. ఆకుపచ్చ అట్ట ఎత్తితే, "నువ్వు చెప్పాల్సింది చాలావరకు చెప్పేశావు" అని. పసుపు ఎత్తితే, "ఇక చివరి మాటకు రా" అని. ఎరుపు ఎత్తితే, "నమస్కారం పెట్టు" అని. దీనివల్ల ఎవరూ లేచి "అన్నా, ఇక చాలు" అనాల్సిన పని ఉండదు. పదిమందిలో అలా అనిపించుకున్న మనిషి మళ్లీ మైకు పట్టుకోడు. ఒక అట్టముక్క అతని గౌరవం కాపాడుతుంది.

గడియారం దగ్గరుండే మనిషికి ఇంకొక పెద్ద బాధ్యత ఉంది. సభ ఏ వేళకు పెట్టాలో తేల్చేది కూడా ఇతనే. ముసఫ్ఫాలో ఇది అన్నిటికంటే ముఖ్యం. డ్యూటీ నుంచి వచ్చిన మనిషికి ముందు స్నానం కావాలి. బాత్రూముల దగ్గర లైను ఉంటుంది. తర్వాత వంట. ఎవరి వంతు వాళ్లదే. ఆ తర్వాత ఇంటికి ఫోను. మనకంటే మన ఊరు గంటన్నర ముందుంటుంది. ఇక్కడ రాత్రి 8 గంటలైతే అక్కడ 9.30. ఇంకా ఆలస్యమైతే పిల్లలు నిద్రపోతారు. సరిగ్గా ఆ సమయానికి సభ పెట్టామనుకోండి. మనిషి కుర్చీలో ఉంటాడు, మనసు ఫోనులో ఉంటుంది. అతన్ని తప్పుపట్టలేం. రోజంతటికీ బిడ్డ ముఖం చూసేది ఆ కాసేపే. కాబట్టి సభను సెలవు రోజున, ఫోన్ల వేళ కాకుండా, అన్నం వేళ కాకుండా పెట్టండి. మొదలయ్యే టైము చెప్పడంతో సరిపెట్టకండి. అయిపోయే టైము కూడా చెప్పండి. ఆ టైముకు కచ్చితంగా ముగించండి. ఒకసారి మాట నిలబెట్టుకుంటే, వచ్చే సభకు పిలవకుండానే వస్తారు.

మూడో చోటు, చివరి వరస. ముగ్గురిలోకి నాకు ఎక్కువ ఇష్టమైనది ఈ మనిషి పనే.

సభల్లో మన పెద్దమనుషులందరూ ముందు వరసలో కూర్చుంటారు. వాళ్లకు అన్నీ వినపడతాయి. సభ బాగా జరిగిందనుకుంటారు. కానీ చివరి వరసలో ఎవరు కూర్చుంటారు? ఆలస్యంగా వచ్చినవాడు. కొత్తగా వచ్చినవాడు. చదువు రాదని బిడియపడేవాడు. ఎక్కువ అప్పులున్నవాడు. మన మాట ఎక్కువ అవసరమైనవాడు అక్కడే ఉంటాడు. అందుకే మీలో ఒకరు, నమ్మకమైనవాళ్లు, కావాలనే వెళ్లి చివరి వరసలో కూర్చోండి. మాట వినపడకపోతే చెయ్యి చెవి దగ్గర పెట్టండి. వేగం ఎక్కువైతే అరచేయి కిందికి ఊపండి. బాగుంటే తల ఊపండి. మాట్లాడే మనిషికి ముందే చెప్పండి, "నేను వెనక ఉంటా, నా వైపు చూస్తూ మాట్లాడు" అని. కొత్తగా మాట్లాడేవాళ్లు ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూస్తారు. వెనక ఒక తెలిసిన ముఖం ఉంటే తల పైకెత్తుతారు. తల ఎత్తితే గొంతు కూడా లేస్తుంది.

సభ అయ్యాక కూడా ఇతని పని ఉంటుంది. పక్కనున్న కొత్త కుర్రాణ్ణి నెమ్మదిగా అడగాలి. "తమ్ముడూ, ఏమర్థమైంది?" అని. అతను చెప్పింది, మాట్లాడిన మనిషి చెప్పదలుచుకున్నది ఒకటే అయితే ప్రసంగం గెలిచినట్టు. చప్పట్లు ఎన్ని పడ్డా, ఈ పరీక్షే అసలు పరీక్ష. టూల్‌బాక్స్ టాక్‌లో అయితే ఇది అక్కడికక్కడే చేయొచ్చు. "ఇవాళ ఏ వైపు వెళ్లకూడదో నువ్వు చెప్పు" అని ఒకరిని అడిగి చెప్పించండి. తెలియనివాణ్ణి పట్టుకోవడానికి కాదు, మన మాట అందిందో లేదో తెలుసుకోవడానికి.

ఇంతవరకు తోడు నిలిచేవాళ్ల గురించి చెప్పాను. ఒకరు మైకు దగ్గర, ఒకరు గడియారం దగ్గర, ఒకరు చివరి వరసలో. ముసఫ్ఫాలో చాలాచోట్ల నాలుగో మనిషి కూడా కావాలి. మాటను మన భాషలోకి తెచ్చే మనిషి.

సేఫ్టీ ఆఫీసర్ హిందీలోనో ఇంగ్లీషులోనో చెబుతాడు. ఎదురుగా తెలుగువాళ్లు, తమిళులు, బెంగాలీలు, నేపాలీలు. మీలో హిందీ బాగా వచ్చినవాళ్లను ముందుకు పిలుస్తారు, "నువ్వు చెప్పు" అని. ఆ పనిని చిన్నదిగా చూడకండి. మన చరిత్రలో ఆ పని ఎంత గొప్పగా జరిగిందో చెబుతాను.

1907 ఏప్రిల్. వందేమాతరం ఉద్యమం రోజులు. బెంగాల్ నుంచి బిపిన్ చంద్రపాల్ వచ్చి తెలుగు ఊళ్లు తిరిగారు. రాజమండ్రిలో రోజుల తరబడి ఉపన్యాసాలు ఇచ్చారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. వినడానికి వచ్చిన జనంలో ఎక్కువమందికి ఇంగ్లీషు రాదు. ఆ ఉపన్యాసాలను తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చిన్నప్పటి నుంచీ చూపు తక్కువైన మనిషి. కానీ మాట మీద గొప్ప పట్టు ఉన్న మనిషి. ఆయన ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు పేర్చి ఊరుకోలేదు. భరతఖండాన్ని పాడి ఆవుగా, మనల్ని ఆకలితో ఏడ్చే లేగదూడలుగా, తెల్లవాళ్లను పాలు పితుక్కునేవాళ్లుగా చూపిస్తూ పద్యం చెప్పారు. పన్నులు, ఎగుమతులు, దోపిడీ అని గంటసేపు చెప్పాల్సింది, ఇంట్లో ఆవు ఉన్న ప్రతి రైతుకూ ఒక్క నిమిషంలో అర్థమైంది. ఆ పద్యం తెలుగునాట ఊరూరా పాకింది. పాల్ గారి ఉపన్యాసాల్లోని ఇంగ్లీషు వాక్యాలు ఇవాళ ఎవరికీ నోటికి రావు. చిలకమర్తి వారి పద్యం ఇంకా వస్తుంది.

చూశారా, ప్రసంగానికి తోడు నిలవడమంటే ఇదీ. మన సైటులో, మన క్యాంపులో కూడా అంతే. మాటను మన భాషలోకి తెచ్చే మనిషికి విషయం ముందురోజే చెప్పండి. అప్పటికప్పుడు నిలబెట్టి చెప్పమంటే ఎవరికీ సాధ్యం కాదు. మాట్లాడే మనిషి రెండు వాక్యాలు చెప్పి ఆగాలి. వీళ్లు తెలుగులో చెప్పాలి. మళ్లీ రెండు వాక్యాలు. అంకెలు, తేదీలు వచ్చినచోట రెండుసార్లు చెప్పాలి. రాని మాట వస్తే దాటెయ్యకుండా అడగాలి. "సార్, అంటే ఏంటి?" అని నలుగురి ముందూ అడిగినవాళ్లు నలభై మందికి మేలు చేసినవాళ్లు. ఎందుకంటే ఆ నలభై మందికీ అదే అనుమానం ఉంటుంది.

సరే, తోడు కుదిరింది. ఇక మాట్లాడే మనిషి ఏం చెయ్యాలి? ఒకే మాట చెప్పాలి. ఒకే పని అడగాలి. మళ్లీ చెబుతున్నాను. ఒకే మాట, ఒకే పని.

మనకు మైకు దొరకడమే అరుదు. దొరికినప్పుడు అన్నీ చెప్పెయ్యాలనిపిస్తుంది. వీసా గురించి, ఏజెంట్ల గురించి, జీతం గురించి, ఆరోగ్యం గురించి, ఊరి రాజకీయం గురించి. అన్నీ చెబితే, విన్నవాళ్లు ఏదీ పట్టుకెళ్లరు. పక్కనుండే స్నేహితుల పని ముందురోజు ఇక్కడే మొదలవ్వాలి. మాట్లాడబోయే అన్న దగ్గర కూర్చుని అడగండి. "అన్నా, రేపు నువ్వు చెప్పింది విని, మేమంతా ఏం చెయ్యాలి?" అని. ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రావాలి. వచ్చేదాకా వదలకండి. ఆ జవాబే ప్రసంగం. మిగిలినదంతా దానికోసమే.

ఉదాహరణకు ఇన్సూరెన్స్ సంగతే తీసుకుందాం. ప్రవాసీ భారతీయ బీమా యోజన అని మన ప్రభుత్వ పథకం ఉంది. ఇ.సి.ఆర్., అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన, పాస్‌పోర్టుతో వచ్చిన కార్మికులకు అది తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా. దీనిమీద గంటసేపు మాట్లాడొచ్చు. నిబంధనలన్నీ చదవొచ్చు. కానీ విన్నవాళ్లు ఏం చెయ్యాలి? నా జవాబు ఇది. "ఈ రాత్రే నీ పాలసీ కాగితం బయటికి తీసి, తేదీ చూసుకో. ఫొటో తీసి ఇంటికి వాట్సాప్‌లో పంపు." అంతే. మన దగ్గర పాలసీ ఉంటుంది, దాని సంగతి ఇంట్లో ఆడవాళ్లకు తెలియదు. గడువు ఎప్పుడు తీరిందో మనకే గుర్తుండదు. ఆ ఒక్క పని చేయించగలిగితే, ఆ సభ వల్ల ఒక కుటుంబం నిలబడుతుంది. చేయించలేకపోతే, ఎంత గొప్పగా మాట్లాడినా మాట గాలికి పోయినట్టే.

పని అడిగేటప్పుడు గడువు కూడా చెప్పాలి. దీనికి కూడా మన నేల మీద ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1921లో మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. గాంధీజీ వచ్చారు. దేశంలోని నాయకులెందరో వచ్చారు. ఆ సమావేశం దేశానికి ఏం చెప్పిందో వినండి. కోటి మందిని కాంగ్రెస్‌లో చేర్చాలి. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచెయ్యాలి. ఇళ్లలో 20 లక్షల రాట్నాలు తిరగాలి. గడువు జూన్ 30. స్వరాజ్యం కావాలంటే ఏం చెయ్యాలని పల్లెలో రైతు అడిగితే, చెప్పడానికి అంకె ఉంది, తేదీ ఉంది. కోటి రూపాయల నిధి సమకూరింది.

ఆ సమావేశానికి తండోపతండాలుగా జనం వచ్చారు. గాంధీజీది పెద్ద గొంతు కాదు. ఇప్పటిలా మైకులు లేవు. అంత జనాన్ని అదుపులో పెట్టి, దారి చూపి, కూర్చోబెట్టిందెవరు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు తయారుచేసిన రామదండు. ఎడింబరోలో చదువుకుని వచ్చి, పల్లె కుర్రాళ్లకు క్రమశిక్షణ నేర్పి వాలంటీర్లుగా తీర్చిదిద్దిన మనిషి ఆయన. ఆ కుర్రాళ్లు వేదిక ఎక్కలేదు. ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్లు లేకపోతే ఆ సభ లేదు. చరిత్ర పుస్తకంలో ఉపన్యాసకుల పేర్లుంటాయి. రామదండులో నిలబడిన ఒక్కొక్క కుర్రాడి పేరు ఉండదు. అయినా వాళ్ల చేతుల మీదుగానే ఆ సభ జరిగింది.

ఇక్కడా అంతే. 2015 ఆగస్టు 16న భారత ప్రధాని నరేంద్ర మోదీ మన ముసఫ్ఫాలోని ఐక్యాడ్ రెసిడెన్షియల్ సిటీకి వచ్చి కార్మికులను కలిశారు. 2024 ఫిబ్రవరి 13న అబుధాబి జాయెద్ స్పోర్ట్స్ సిటీ స్టేడియంలో వేల మంది భారతీయుల ముందు మాట్లాడారు. అలాంటి సభలకు బస్సులు మాట్లాడేవాళ్లు, గేటు దగ్గర వరసలు చూసేవాళ్లు, నీళ్లు అందించేవాళ్లు ఎంతమంది కావాలో ఒక్కసారి ఆలోచించండి. సభ ఎంత పెద్దదైనా, మెస్ హాల్లో ముప్పై మందిదైనా, కావాల్సిన పనులు అవే. మైకు, గడియారం, చివరి వరస.

సభ అయ్యాక ఒక చిన్న పని. దీన్ని మనం సాధారణంగా మరిచిపోతాం. మాట్లాడిన మనిషి కిందికి దిగాక, ఆ రాత్రి అతనికి నిద్ర పట్టదు. "తప్పు మాట్లాడానా? నవ్వారా?" అని లోపల గుబులు. పక్కన కూర్చుని రెండు మాటలు చెప్పండి. ఒకటి, ఏది బాగుందో. "బాగా మాట్లాడావన్నా" అంటే చాలదు. ఏ మాట బాగుందో ఆ మాటే చెప్పండి. "మీ అమ్మకు పాలసీ నంబరు పంపిన సంగతి చెప్పావు చూడూ, అక్కడ అందరూ ఫోన్లు తీశారన్నా" అనండి. రెండోది, వచ్చేసారి మార్చుకోవాల్సింది ఒకే ఒకటి. పది తప్పులు కనపడినా ఒక్కటే చెప్పండి. అది కూడా నలుగురి ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. అలా చేస్తే ఆ మనిషి మళ్లీ మాట్లాడతాడు. మూడోసారికి, నాలుగోసారికి కాళ్లు వణకవు. అప్పుడు మీ క్యాంపుకు ఒక గొంతు వచ్చినట్టు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ముసఫ్ఫాలో మన కష్టాలు చాలావరకు నోరు విప్పకపోవడం వల్ల పెరుగుతున్నాయి. ఒకరికి తెలిసిన సంగతి పక్క రూములో ఉన్నవాడికి తెలియదు. ఎండదెబ్బ తగిలితే ఏం చెయ్యాలో ఒకరికి తెలుసు, ఆ తెలిసిన మనిషి నలుగురిలో మాట్లాడలేడు. దొంగ ఏజెంటు చేతిలో మోసపోయిన మనిషి తన కథ చెబితే, ఊళ్లో పదిమంది జాగ్రత్తపడతారు. అతనికి చెప్పాలనే ఉంది. ధైర్యం లేదు. ఆ ధైర్యం పుస్తకాల్లో దొరకదు. పక్కన మీరు నిలబడితే వస్తుంది.

చివరగా మరొక్కసారి. మాట్లాడే మనిషికి ఒకే మాట, ఒకే పని. తోడు నిలిచేవాళ్లకు మూడు చోట్లు. ఒకరు మైకు దగ్గర. ఒకరు గడియారం దగ్గర. ఒకరు చివరి వరసలో. భాషలు కలిసిన చోట, మాటను మన తెలుగులోకి తెచ్చే ఇంకొకరు.

అన్నలారా, తమ్ముళ్లారా, అక్కలారా, చెల్లెళ్లారా, మీకు నా విన్నపం ఒక్కటే. వచ్చే సెలవు రోజున మీ క్యాంపులోనో, మీ బిల్డింగులోనో ఎవరైనా మాట్లాడబోతుంటే, ముందురోజు సాయంత్రమే వాళ్ల దగ్గరికి వెళ్లండి. "మూడు చోట్లలో నేను ఎక్కడ ఉండాలి?" అని అడగండి. మాట్లాడేవాళ్లు ఎవరూ లేకపోతే, చెప్పాల్సిన సంగతి ఉన్న ఒక్క మనిషిని వెతికి పట్టుకోండి. "నువ్వు మాట్లాడు, మేమున్నాం" అనండి. అన్న మాటకు కట్టుబడి నిలబడండి.